మామ్మ గదికి సొర నూనె గోడలు

శ్రీముఖలింగం ప్రయాణానికి మా నావలో స్నానాల గది కట్టించింది నేను. ఆ గది గోడలు తడవకుండా వాటికి ఏం కప్పాలో తేల్చిందీ నేనే. ఆ తేల్చడం గురించి మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. మళ్ళీ కట్టమంటే మళ్ళీ ఆ గోడలే కడతాను.

అరవైల చివరి రోజులవి. కళింగపట్నం దగ్గర సముద్రపు ఒడ్డు ఊరికి కోడలిగా వచ్చాను. పుట్టిల్లూ అలాంటి ఒడ్డునే. మా ఆయన నాయనమ్మని ఇంటిల్లిపాదీ మామ్మ అనేవాళ్ళం. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని, బస్సులెక్కి, గజపతినగరం దాకా సంతలన్నీ తిరిగిన మనిషి. ఒక వానాకాలం పెరట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది గానీ నడక తిరిగి రాలేదు. మంచం మీద నుంచి ఆమె అడిగింది ఒక్కటే, ముఖలింగేశ్వరుణ్ణి దగ్గరగా చూడాలని. వయసులో ఉండగా ఒకసారి వెళ్ళిందట. జనం వెనక నిలబడి, వాళ్ళ వీపులు చూసి తిరిగొచ్చిందట.

బండి కుదుపు ఆ తుంటికి పడదు. బస్సులో కూర్చోలేదు. కార్తీకంలో వంశధారలో ఇంకా నీళ్ళుంటాయి కాబట్టి నావలో పడుకోబెట్టి తీసుకెళ్ళచ్చు. అంతా ఒప్పుకున్నారు, మామ్మ తప్ప. ఏటికి ఎదురుగా గెడకర్రతో నావని తోసుకుంటూ వెళ్ళాలంటే రెండు రోజుల ప్రయాణం. మధ్యలో అవసరాలకి ఆమెను ఎత్తుకుని గట్టెక్కించి, పొదల చాటున దింపాలి.

"మనవడి సేత ఆ పనికి మోయించుకుంటానేటే? దానికన్నా సామిని సూడకపోయినా పరవానేదు," అని గోడవైపు తిరిగి పడుకుంది.

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. వెంటనే కోపం కూడా వచ్చింది. ఇంతమంది నావలు కట్టేవాళ్ళున్న ఊళ్ళో ఒక ముసలామెకి చాటు కట్టలేమా అని మా మావగారి ముందు నిలబడ్డాను. నావ వెనక భాగంలో, నీళ్ళ మీదకి, ఆమె పట్టేంత గది కావాలన్నాను.

"నావలో దొడ్డేటే?" అని ఆయన కాసేపు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి అన్నాడు. "కట్టుకో. గాని సబ్బునీళ్ళొక సుక్క గోడలోంచి నా సెక్కలోకి దిగినాదంటే ఆ గది పీకి ఏట్లో పారేస్తాను. మామ్మ లోపలున్నా సరే."

ఆయన అన్నంత పనీ చేసే మనిషి. ఆ నావ మీదే మా అందరి అన్నం. వడ్రంగి సన్నటి చెక్కలతో గది లేపాడు. ఇక చెక్కలకి నీళ్ళంటకుండా లోపల ఏం కప్పాలన్నదే మిగిలింది.

మా ఆయన శ్రీకాకుళం బజారు నుంచి పువ్వుల మైనపుగుడ్డ తెచ్చాడు. చూడ్డానికి బాగుంది. పెరట్లో దడికి కట్టి, వెనకాల నేల మీద బూడిద చల్లి, బిందెతో నీళ్ళు కొట్టాను. మడతలున్న చోటల్లా బూడిద తడిసింది. దాన్ని మా అత్తగారు కంచాల కింద పరుచుకోవడానికి తీసుకుంది. రేకు కొడదామన్నాడు వడ్రంగి. ఆ రేకుని ఒక పూట ఎండలో పెట్టి, దాన్ని వీపుకి ఆనించుకో అన్నాను. అతను ఆనించుకోలేదు. గోనెకి తారు పూసి చూశాం. మధ్యాహ్నానికి కరిగి నా చీర కొంగుకంటుకుంది. ఆ చీర ఇక దేనికీ పనికి రాలేదు.

అప్పుడు నేనే అటక మీద నుంచి పాత తెరచాప దింపాను. ఎన్నో గాలులు తిన్న గుడ్డ అది. గుగ్గిలం కరిగించి, నావకి మేం ఏటా రాసే సొరచేప నూనె అందులో కలిపి, వేడివేడిగా రెండు వైపులా పట్టించాను. ఆరబెట్టి మళ్ళీ పట్టించాను. బిందెల మీద బిందెలు కొట్టినా వెనకాల బూడిద పొడిగానే ఉంది. మావగారు వేలితో ఆ బూడిద తీసి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఆయన మెచ్చుకోవడం అంటే అంతే. చుట్టుపక్కల వాళ్ళొచ్చి చూసి, తమ నావలకీ ఇలాంటిది కట్టిస్తే బాగుండునన్నారు. అంతమంది ముక్కులు ఆ గదిలో దూరి వచ్చాయి. ఒక్కరూ వాసన మాట ఎత్తలేదు.

ప్రయాణం హాయిగా సాగింది. మామ్మ ఆ గదిలో గోడకి వీపు ఆనించుకుని, ఎవరి సాయం లేకుండా తన చేత్తో తను నీళ్ళు పోసుకుంది. ఎన్ని నెలల తర్వాతో. లోపలి నుంచి ఏదో కూనిరాగం వినిపించింది. గుడికి కట్టుకోవాల్సిన కొత్త బట్టలు తడవకుండా ఆ గదిలోనే కొక్కేలకి తగిలించాను. అంతకన్నా పొడి చోటు నావలో లేదు మరి.

శ్రీముఖలింగంలో రేవు దిగి, మా ఆయన మామ్మని చేతుల్లో ఎత్తుకుని గుళ్ళోకి నడిచాడు. వెనక నేను. కార్తీక సోమవారం, ఇసకేస్తే రాలని జనం. మళ్ళీ వీపులే చూస్తుందేమోనని భయపడ్డాను. కానీ ముందున్నవాళ్ళు తిరిగి చూసి పక్కకి జరిగారు. వాళ్ళ ముందున్నవాళ్ళూ జరిగారు. ముసలామెని చూసి జాలిపడుతున్నారనుకుని నేను ఒకరిద్దరికి దణ్ణం కూడా పెట్టాను. అంతలో ఒకావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. పక్కావిడా పెట్టుకుంది. అప్పుడు నా చీర నేను వాసన చూసుకున్నాను. మామూలుగానే ఉంది, ఆ గోడల నూనె వాసన, మా ఇంటి వాసన. వాళ్ళ ముక్కులకి అది ఎలా ఉందో అప్పుడు తెలిసింది.

ఒళ్ళు మండిపోయింది. సిగ్గూ వేసింది. మా ఆయనకి ఏమీ పట్టలేదు, ఖాళీ అయిన తోవలో సరాసరి ముందుకి నడిచాడు. మామ్మ స్వామి ఎదురుగా, మధ్యలో ఎవరూ లేకుండా, తనివితీరా చూసింది. పూజారి కూడా హారతి చప్పున ఇచ్చేశాడు.

మెట్ల మీద కూర్చోబెట్టాక ఆమెకి తెలియనివ్వకూడదని, "జనం మంచోళ్ళు మామ్మా, పెద్దదానివని తోవిచ్చినారు," అన్నాను.

మామ్మ నవ్వింది. "నాకు తెల్దేటే గుంటా. బస్సులో గంప దించితే సాలు, నా పక్కసీటు కాళీ అయిపోయీది. ఆ సీటు సూసి ఎన్నిపాలి ఏడిసినానో మీకెవులికీ తెల్దు. ఈపాలి సామి దాకా కాళీ అయినాది."

మామ్మ తన కొంగు ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, నా ఒళ్ళో వేసింది.

"ఆ గోడలు మీ మావ సేత పీకించకు. ఒచ్చే కార్తీకానికి ఇంకో పూత ఎయ్యి."