రెండో ఇంజన్ ఎవరి కోసం

నేను ఉద్యోగ విరమణ చేయడానికి రెండేళ్ళ ముందు, అక్టోబరు తుఫాను రోజుల్లో, మా సంస్థ నన్ను రెండు ఇంజన్ల హెలికాప్టర్‌తో శ్రీకాకుళం పంపింది. వరద సహాయం కోసం జిల్లా అధికారులు మమ్మల్ని అద్దెకు తీసుకున్నారు. హోదా రీత్యా నేను కెప్టెన్‌ని. ఎంత బరువు ఎక్కించాలి, ఎంత ఇంధనం పోయాలి, ఎక్కడి నుంచి వెనక్కి తిరగాలి అన్న విషయాల్లో ఆఖరి మాట నాదే. నా పక్క సీట్లో కో-పైలట్ నందిత. నాగపూర్ అమ్మాయి, తెలుగు రాదు. వెనక తలుపు దగ్గర వించ్ ఆపరేటర్ సాహు. వించ్ అంటే ఉక్కు తాడు చుట్టుకునే మోటారు. దాని కొక్కేనికి తగిలించిన పట్టీని మనిషి చంకల కింద బిగించి పైకి లాగుతారు. సాహుది పర్లాకిమిడి. మాది గజపతినగరం పక్క పల్లె అయినా సైనిక సర్వీసులో ఊళ్ళు పట్టుకు తిరిగిన నాకంటే ఇక్కడి తెలుగు సాహుకే బాగా వచ్చు.

మొదటి రోజులన్నీ ఆహార పొట్లాలూ మంచినీళ్ళూ జారవిడవడంతోనే గడిచాయి. వాన తెరిపిచ్చిన ఒక ఉదయం కంట్రోల్ రూమ్ నుంచి కబురు వచ్చింది. ఎగువన నీళ్ళు వదలడంతో వంశధార ఒక్కసారిగా పొంగిందనీ, ఇసుక కోసం ఏట్లోకి దిగిన ఒక లారీ నడిమధ్య చిక్కుకుందనీ, దాని మీద ముగ్గురు మనుషులున్నారనీ చెప్పారు. పడవ ప్రయత్నించి వెనక్కి వచ్చేసిందట.

బయల్దేరే ముందు చేసే లెక్క ఒకటుంది, అది చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. రెండు ఇంజన్లూ కలిసి పైనున్న ఒకే రెక్కల చక్రాన్ని తిప్పుతాయి. ముందుకు వేగంగా పోతున్నప్పుడు ఒక ఇంజన్ ఆగినా రెండోది యంత్రాన్ని మోయగలదు. ఒకేచోట కదలకుండా గాలిలో నిలబడటానికి మాత్రం చాలా శక్తి కావాలి. ఒక్క ఇంజన్‌తో అలా నిలబడాలంటే యంత్రం ఎంతో తేలికగా ఉండాలి. అంత తేలికగా బయల్దేరితే ఏరు దాకా వెళ్ళి వచ్చేందుకు ఇంధనం చాలదు. కాబట్టి మనుషుల్ని పైకి లాగే ఆ కొద్దిసేపూ, ఒక ఇంజన్ పోతే నిలబడలేమని తెలిసే నిలబడతాం. ప్రాణాపాయం ఉన్నచోట నియమాలు ఆ వెసులుబాటు ఇస్తాయి. దాన్ని వాడుకోవాలా వద్దా అన్నది కెప్టెన్ తేల్చుకోవాలి. వాడుకుందామన్నాను. ఇంజన్ పోతే ఏ వైపు తప్పుకోవాలో ముగ్గురం చెప్పుకున్నాం. సముద్రం వైపు, గాలికి ఎదురుగా, ఏటి దిగువకి. చక్రాల మీద పరుగెత్తుతూ దిగడానికి, ఇంకా బళ్ళు వదలని కొత్త బైపాస్ రోడ్డుని ముందురోజే చూసి పెట్టుకున్నాను.

లారీ ఒక పక్కకి ఒరిగి ఉంది. ఎర్రటి నీళ్ళు బానెట్ మీదుగా పోతున్నాయి. ముగ్గురూ క్యాబిన్ కప్పు మీద ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. ఎగువ నుంచి కొట్టుకొస్తున్న దుంగలు తగిలినప్పుడల్లా లారీ ఊగుతోంది. ఎక్కువసేపు నిలవదని చూడగానే తెలిసింది.

మొదట ఇసుక ఎత్తే కూలీని లాగాం. తర్వాత డ్రైవర్ పైడిరాజుని. సాలూరు మనిషి, సన్నగా పొడుగ్గా ఉన్నాడు. మూడో మనిషి అతని అక్క మొగుడు అప్పలనాయుడు. ఆయనా డ్రైవరే, ఆ బండికి ఇద్దరూ వంతులవారీగా పని చేసేవారు. ముందు నువ్వెళ్ళంటే నువ్వెళ్ళని కింద ఇద్దరూ కాసేపు వాదులాడుకున్నారని సాహు చెప్పాడు. చివరికి అప్పలనాయుడే బలవంతంగా పట్టీని బావమరిది చంకల కింద బిగించాడు.

పైడిరాజుని లోపల కూర్చోబెట్టి సాహు పట్టీని మళ్ళీ కిందకి వదిలాడు. "ఇంకొంచెం ముందుకి. కొంచెం కుడికి. అందుతోంది" అని చెబుతూనే ఉన్నాడు. అప్పుడే యంత్రం ఒక పక్కకి జర్కు ఇచ్చింది. రెక్కల వేగం తగ్గుతోందని హెచ్చరించే హారన్ మోగింది. అడుగున నేల జారిపోయినట్టు కిందకి కుంగాం.

"తగిలించుకున్నాడా?" అని అడిగాను.

"లేదు. చెయ్యి చాపాడు, అందలేదు."

తగిలించుకుని ఉంటే తాడు కోసేయాల్సి వచ్చేది, ఆ మీట సాహు దగ్గరుంది. ఆ పని అతని చేత చేయించాల్సి రాలేదు. యంత్రం ముక్కు కిందకి దించి, దిగువకి, గాలికి ఎదురుగా తోశాను. ఎత్తు పోగొట్టుకుని వేగం తెచ్చుకోవడం తప్ప ఆ క్షణంలో వేరే దారి ఉండదు. నీళ్ళు దగ్గరికి వచ్చాయి. చక్రాలు తడిసే ఉంటాయని నందిత తర్వాత అంది. వేగం అందుకున్నాక యంత్రం నెమ్మదిగా పైకి లేచింది.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. శక్తి పోయిన ఇంజన్ ముల్లు మీటరు మీద చప్పుడు లేకుండా కిందకి పడిపోతుంది. బతికున్న ఇంజన్ మొత్తం భారం తన మీద వేసుకుని హద్దు చూపే ఎర్ర గీత దాకా పోతుంది, వేడెక్కుతుంది, హెచ్చరిక దీపం వెలిగిస్తుంది. కంగారులో ఉన్నవాడి కన్ను ఆ ఎర్ర గీత మీదే పడుతుంది. అలా బాగున్న ఇంజన్‌నే ఆపేసి మునిగిపోయిన వాళ్ళున్నారు. అందుకే చెయ్యి మీట మీదకి పోయే ముందు ఒకరు నంబరు చెప్పాలి, రెండోవారు చూసి ఔననాలి. నందిత ముళ్ళు సరిగ్గానే చదివింది. ఒకటో నంబరు పోయిందంది. నేను చూసి ఔనన్నాను. తగినంత ఎత్తుకి చేరాక దాన్ని ఆపేశాం. రెండో ఇంజన్ అలా ఎర్ర గీత దగ్గర పని చేయగలిగేది కొద్ది నిమిషాలే. వేగం నిలకడగా ఉంచి దాని భారం తగ్గించాను.

వెనక నుంచి అరుపులు వినిపిస్తున్నాయి. పైడిరాజు సాహు భుజం పట్టుకుని ఊపేస్తున్నాడు. "మా బావ ఉండిపోనాడు. తిప్పండి బాబూ, మా బావ ఉండిపోనాడు. మనకేసే సూస్తన్నాడు."

ఇంజన్ పోయిందని సాహు చెప్పాడు. నడుస్తూనే ఉంది కదా అన్నాడతను. నేను వెనక్కి తిరగలేదు, తిరిగి చూసే తీరిక కూడా లేదు.

బైపాస్ రోడ్డు మీద విమానం దిగినట్టు చక్రాల మీద పరుగెత్తించి ఆపాను. నేను దిగేసరికే పైడిరాజు తలుపు దగ్గర ఉన్నాడు. ఒంటి నిండా బురద. గొంతు తగ్గించి మాట్లాడాడు, అరిస్తే పని కాదని తెలిసినవాడిలా.

"రెండింజన్ల బండి గదా బాబూ ఇది. ఒకటి పోతే రెండోది లాగదేటి?"

"లాగింది. అందుకే మనం ఇక్కడున్నాం. ముందుకి పోవడానికి లాగుద్ది. గాల్లో ఆగి నిలబడ్డానికి లాగదు. లోడు బండిని ఘాట్ ఎక్కే చోట ఆపేసి మళ్ళీ లాగమంటే ఎలాగుంటాదో నీకు తెలుసు."

"తెలుసు." ఖాళీ అయిన క్యాబిన్ వైపు చూశాడు. "మరి మమ్మల్ని దింపీసినారు గదా. లోడు తగ్గిపోనాది. మీరొక్కరూ ఎల్లండి. ఆ పట్టీ ఒక్కపాలి ఒగ్గీసొచ్చీండి."

అది తెలివితక్కువ మాట కాదు. అతని భాష తెలియకపోయినా నందితా అదే అంది. ఇద్దరు దిగిపోయారు, ఇంధనం కొంత ఖర్చయింది, ఇంకొంత పారబోస్తే ఒక్క ఇంజన్‌తో నిలబడగలమేమో చూద్దామంది. కాక్‌పిట్‌లో కూర్చుని ఎంత వేడిలో ఎంత బరువుతో నిలబడగలమో చూపించే పటం తెరిచాం. తిరిగొచ్చేందుకు సరిపడా ఇంధనమే ఉంచుకున్నా, ఆ వేడికి మా బరువు గీతకి కాస్త బయట పడింది. ఎదురుగాలి ఉంటే లోపలికి రావచ్చు. అప్పటికి గాలి పడిపోయింది. పైగా ఇంజన్ ఎందుకు పోయిందో మాకు తెలియదు. రెండు ఇంజన్లూ తాగేది ఒకే ఇంధనం. ముందురోజు డ్రమ్ముల నుంచి పోసింది. దాంట్లో నీళ్ళో మట్టో ఉంటే రెండోది కూడా ఏ నిమిషానైనా ఆగవచ్చు. వెళ్ళబోమని చెప్పాను. నందిత పటం మడిచి పెట్టింది.

పైడిరాజుకి చెప్పాల్సింది నేనే. తీరంలోని వేరే స్థావరం నుంచి ఇంకో హెలికాప్టర్ బయల్దేరుతోందని కంట్రోల్ రూమ్ చెప్పింది, ఆ మాటే చెప్పాను.

"అది వచ్చినంతవరకు బండి ఆగతాదా బాబూ?"

నాకు తెలియదన్నాను.

"ఆగదు. నేను తోలే బండి గదా, నాకు తెలుసు. మా బావ ఈతొచ్చినోడైనా బాగుణ్ణు. కొండ కింద ఊరోడు, ఏటి మొకం ఎరగడు" అన్నాడు. తర్వాత అప్పటికే అక్కడికి వచ్చిన పోలీసు జీపెక్కి గట్టు వైపు వెళ్ళిపోయాడు. వెళ్తూ నాకు దండం పెట్టాడు, అది ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఆ రెండో హెలికాప్టర్ వచ్చేసరికి ఏటి మధ్యలో లారీ లేదు. అప్పలనాయుడు శవం తర్వాత దిగువన, సముద్రానికి దగ్గర్లో ఒక సరుగుడు తోటలో దొరికింది. పైడిరాజే గుర్తుపట్టాడు.

మా ఇంజనీర్లు ఇంజన్ విప్పి చూశారు. గాలి పీడనాన్ని ఇంధన నియంత్రణ పరికరానికి చేర్చే సన్నని గొట్టం చిట్లింది. దాంతో ఆ పరికరం ఇంజన్‌కి ఇంధనం తగ్గించేసింది. ఇంధనంలో కల్తీ ఏమీ లేదు. రెండో ఇంజన్ నిక్షేపంగా ఉంది. విచారణలో మా ముగ్గురి నిర్ణయాలూ నియమాల ప్రకారమే ఉన్నాయని తేల్చారు. తెలియనిదాన్ని తెలిసినట్టు అనుకుని వెళ్ళకూడదన్న నా మాట ఇప్పటికీ మారలేదు. వెళ్ళి ఉంటే నిలబడగలిగేవాళ్ళమా అన్నదానికి జవాబు ఏ పటంలోనూ లేదు. నేను దాన్ని వెతకడం మానేశాను.

విచారణ చివర అధికారి ఇంకేమైనా చెప్పాలా అని అడిగారు. నందిత లేచింది. క్యాబిన్‌లో సీట్ల కింద లైఫ్ జాకెట్లున్నాయని, అవి సముద్రం మీద ఎగిరేటప్పుడు మా కోసం, ప్రయాణికుల కోసం పెట్టినవని, మొదటి మనిషిని లాగక ముందే అవి కిందకి వదలాలని మా పని పద్ధతుల్లో ఎక్కడా రాసి లేదని చెప్పింది. రాయాలని అడిగింది. కొద్ది నెలలకి మా సంస్థ దాన్ని పద్ధతిలో చేర్చింది.

మరుసటి ఏడు నాగావళి పొంగినప్పుడు ఆ పద్ధతి నేనే మొదట పాటించాల్సి వచ్చింది. పంపు షెడ్డు కప్పు మీద నలుగురు రైతులున్నారు. సాహు ముందు పట్టీ కాకుండా జాకెట్ల మూట దించాడు. కిందవాళ్ళకి కోపం వచ్చింది. వాళ్ళలో పెద్దాయన జాకెట్ తీసి నీళ్ళలోకి విసిరేసి, చేతులూపుతూ ఏదో అరిచాడు. నలుగురినీ పైకి లాగాం, ఏమీ కాలేదు. లోపలికి వచ్చాక సాహు ఆయన్ని ఎందుకు విసిరేశారని అడిగాడు.

"అయి ఇచ్చేసి మీరెల్లిపోతారనుకున్నాం" అన్నాడాయన.

ఆయన అనుకున్నదాంట్లో పొరపాటు లేదు. జాకెట్ దించేది మేము వెళ్ళిపోవాల్సి రావచ్చు కాబట్టే. రెండో ఇంజన్ ఉన్నది అప్పటికే పైకెక్కినవాళ్ళని నేలకి చేర్చడానికి. కింద మిగిలినవాళ్ళకి అది లేదు. వాళ్ళకి ఇవ్వగలిగింది ఏదైనా ఉంటే, రెండు ఇంజన్లూ తిరుగుతున్నప్పుడే ఇచ్చేయాలి. నా తర్వాత ఆ సీట్లోకి వచ్చినవాళ్ళకి శిక్షణ ఇచ్చినప్పుడు నేను మొదట చెప్పింది ఇదే.