ప్లగిన్ లేనిదే వినిపించని క్లారినెట్టు

ఇది ఒక మహాకావ్యం. ఇందులో ఒక వీరుడున్నాడు, ఒక ఆయుధముంది, రెండు రోజుల యుద్ధముంది, చివర్లో గడియారంతో పరుగుపందెం కూడా ఉంది. పద్యాలు కట్టే ఓపిక ఎవరికైనా ఉంటే పన్నెండు ఆశ్వాసాలకు సరిపడా సరుకు.

అంతా ఉత్తదే. వీరుడికి ముందు పళ్ళు నాలుగు లేవు. ఆయుధం క్లారినెట్టు, అదీ ఇంట్లో పాత లుంగీలో మూటగట్టి ఉంది. యుద్ధం కంప్యూటరుతో. అంటే, కుర్చీలో కూర్చుని ఒక నీలం గీత ఎప్పుడు కుడివైపుకు జరుగుతుందా అని చూడటం. రోత పుట్టే పని. ఆ రోతనే రాస్తున్నాను, కావ్యం ఆశించినవాళ్ళు ఇక్కడే లేచిపోవచ్చు.

తొంభైల చివరి మాట. మహబూబ్‌నగర్ బస్టాండు వెనక గల్లీలో, మిర్చి బజ్జీల బండి పక్కన మెట్లెక్కితే ఒక ఇంటర్నెట్ సెంటరు. అందులో నేను ఆపరేటర్ని. డిగ్రీలో ఇంగ్లీషు పేపరు రెండుసార్లు తప్పి, అన్నీ ఇంగ్లీషులోనే మాట్లాడే యంత్రం ముందు ఉద్యోగం సంపాదించిన ఘనత నాది. కింద బజ్జీలు వేగినంతసేపూ పైన నెట్ కూడా బజ్జీల వాసనే వస్తుందని కస్టమర్లు అనేవాళ్ళు.

మా ఓనరు అంతకుముందు పదేళ్ళు పెళ్ళి వీడియోలకు మిక్సింగు చేశాడు. మిక్సింగంటే, పెళ్ళిలో కెమెరా పట్టుకొచ్చిన అసలు చప్పుడునంతా తీసేసి సినిమా పాటలు ఎక్కించడం. తాళి కట్టేటప్పుడు ఒకటి, బరాత్‌కు ఒకటి, అప్పగింతలకు ఏడుపు పాట ఒకటి. అయ్యగారి మంత్రాలు, మేనమామల కొట్లాట, బ్యాండుమేళం, ఏదీ మిగలదు. జిల్లాలో పదేళ్ళ పెళ్ళిళ్ళన్నీ ఒకే గొంతుతో జరిగినట్టుంటాయి. ఆ సామానంతా, అంటే టేపు డెక్కులూ మిక్సరూ, సెంటర్లో ఒక మూల దుమ్ము పట్టి ఉండేది.

ఒకరోజు పొద్దున బ్యాండు మాస్టరు చాచా మెట్లెక్కి వచ్చాడు. ముప్పై ఏళ్ళు ఊళ్ళో పెళ్ళిళ్ళకు, పీర్ల ఊరేగింపులకు క్లారినెట్టు ఊదిన మనిషి. చేతిలో మడతపెట్టిన కాగితం.

"బేటా, గీ కాయితంల ఉన్నది నీ డబ్బల దొరుకుతదా?"

"ఏంది చాచా గది?"

"నేను."

విషయమేమిటంటే, వయసైపోయిన కళాకారులకు పింఛను ఇస్తున్నారు. చాచా అర్జీ రాయించాడు. ఆఫీసులో గుమాస్తా, కళాకారుడివేనని రుజువేదన్నాడు. వాయించిన కేసెట్టు ఒకటి జత చెయ్యాలట. ఆఖరు తేదీ మర్నాడే, సాయంత్రం ఐదింటికి.

"రుజువేంది చాచా, ఒక్కపారి ఊదు, ఇక్కడ్నే రికార్డు చేద్దం" అన్నాను, పెద్ద తెలివైనవాడిలా.

చాచా పై పెదవి ఎత్తి చూపించాడు. "పండ్లు లేకుంటే క్లారినెట్టు నిలువది బేటా. గాలి పక్కలకెల్లి పోతది. పోయినేడు ఊది సూసిన. మా మనుమరాలు నవ్వింది."

"మరి గిన్ని పెండ్లిళ్ళు కొట్టినవ్, వీడియోలుండవా?"

చాచా నావైపు చూడలేదు. మా ఓనరువైపు చూశాడు. ఓనరు ఉన్నట్టుండి మానిటరు తుడవడం మొదలుపెట్టాడు.

"ఉంటయ్. అన్నిట్ల నేనుంట. బుగ్గలు ఉబ్బిచ్చుకోని మంచిగ కనబడ్త. సప్పుడు మాత్రం సినిమాది. ముప్పై ఏండ్లు ఊదితే ఒక్క కేసెట్ల నా ఊపిరి లేదు. అడుగు, మీ సేటునే అడుగు."

"పార్టీలు పాటలే కావాలంటరు చాచా. నేనేం జెయ్యాలె?" అన్నాడు ఓనరు, తుడిచిన మానిటరునే మళ్ళీ తుడుస్తూ.

చాచా ఊపిరి దొరికేది ఒక్కచోటే. నాలుగేళ్ళ కింద పట్నం నుంచి ఒక పరిశోధకుడు వచ్చి, పీర్ల ఊరేగింపులో చాచా వాయించిన వరస రికార్డు చేసుకుపోయాడు. చాచాకు వాళ్ళ అబ్బా నేర్పిన వరస అది, ఏ సినిమాలోనూ లేనిది. ఆ మధ్య ఆ పరిశోధకుడు ఉత్తరం రాశాడట, మీ వాద్యాన్ని నెట్‌లో పెట్టాను, ప్రపంచంలో ఎవరైనా ఎప్పుడైనా వినొచ్చు అని. చాచా చేతిలోని కాగితం అదే, కింద నెట్ అడ్రసు. పాపం, మంచివాడే. 'ఎవరైనా' అన్న మాటలో మహబూబ్‌నగర్ కూడా ఉందనుకున్నట్టున్నాడు.

నెట్ కోసం ఫోను లైను మీద హైదరాబాదుకు ఎస్టీడీ కలిపి, అడ్రసు కొట్టాను. ముందు అక్షరాలు వచ్చాయి. తర్వాత ఫోటో, పైనుంచి కిందికి, వరసలు వరసలుగా. టోపీ, నుదురు, మీసం, క్లారినెట్టు.

"అరె, నేనే!" అన్నాడు చాచా.

ఫోటో కింద 'వినండి' అని ఉంది. నొక్కాను. తెర మీద ఒక డబ్బా లేచింది. ఇది వినాలంటే ఫలానా కంపెనీ ప్లగిన్ ఉండాలి, మీ దగ్గర లేదు, వెళ్ళి తెచ్చుకోండి.

ప్లగిన్ అంటే నెట్ పేజీలు చూపించే బ్రౌజరుకు తగిలించే తోక. బ్రౌజరుకు అక్షరం తెలుసు, బొమ్మ తెలుసు. చప్పుడు తెలియదు. అది కావాలంటే ఎవడో కంపెనీవాడి దగ్గరికి పోయి తోక తెచ్చి తగిలించాలి. ఆ తోక ఆ కంపెనీ పాటకే ఊగుతుంది. పక్క కంపెనీ పాటకు వేరే తోక. నాకు కోపం రాలేదు. కోపం కాస్త మర్యాద ఉన్నవాళ్ళ మీద వస్తుంది. వచ్చింది అసహ్యం, చెప్పు కింద చూయింగ్ గమ్ అంటుకున్నప్పుడు వచ్చేలాంటిది.

సరే, తోక దింపడం మొదలుపెట్టాం. నీలం గీత కదిలింది. చాచా కుర్చీ లాక్కుని దానికి ఎదురుగా కూర్చున్నాడు, పొయ్యి మీద పాలు పెట్టినట్టు. పదకొండున్నరకు మొదలైంది రెండు దాటాక తొంభై నాలుగు శాతానికి వచ్చింది. అప్పుడు లైను తెగింది.

"ఏమాయె?"

"పోయింది చాచా. మళ్ళ మొదటికెల్లి."

"మొదటికెల్లా? గాడిద గూడ ఏడ ఆగిందో ఆడికెల్లే నడుస్తది గదరా!"

రెండోసారి సాయంత్రానికి దిగింది. ఎక్కించబోతే పేరడిగింది, ఊరడిగింది, వయసడిగింది, ఆటలిష్టమా అనడిగింది. చాచా అన్నిటికీ నిజాయితీగా సమాధానాలు చెప్పాడు. ఆటల దగ్గర కాసేపు ఆలోచించి, "చిన్నప్పుడు గోటీలాడిన, రాయి" అన్నాడు. అంతా రాశాక అది చెప్పిందేమిటంటే, ఈ ప్లగిన్ మీ బ్రౌజరుకు కుదరదు. మీది పాతది.

మా బ్రౌజరు వయసు ఏడాదిన్నర. చాచా క్లారినెట్టు వాళ్ళ అబ్బాది.

మర్నాడు పొద్దున పక్క వీధిలోని కంప్యూటరు ఇన్‌స్టిట్యూటులో సీడీ అడుక్కొచ్చి కొత్త బ్రౌజరు ఎక్కించాను. అది ఎక్కుతున్నంతసేపు చాయ్ మీద చర్చ జరిగింది.

"కేసెట్టు జూడు," అన్నాడు చాచా. "ఏ కంపెనీదన్న కానీ, నా టేపుల పడ్తది, ఆటోల పడ్తది, కల్లు కాంపౌండుల పడ్తది. ఇదేంది, పాటకో తాళం, తాళానికో చెవి?"

నేను ఏదో పత్రికలో చదివింది చెప్పాను. అక్షరాలకు, బొమ్మలకు అందరూ ఒప్పుకున్న రూలు ఒకటుంది, అది ఎవడి సొత్తూ కాదు. పాటకు, వీడియోకు అట్లాంటిది లేదు. ఉండాలని కొందరు కొట్లాడుతున్నారు. ఈలోపల ఎవడి దుకాణం వాడిది.

"అందరు కూసోని ఒక్కటి ఒప్పుకుంటే ఏం బోతది?" అన్నాడు ఓనరు.

"మన ఊర్ల ఏడు బ్యాండు పార్టీలున్నయ్ సేటూ. కూసోని ఒక్క సుర్ పట్టుకుందమని నేను ముప్పై ఏండ్లసంది చెప్తున్న. ఒక్కపారి గూడ కాలె. ఎవని పీపె వానికే గొప్ప. ఇగ కంపెనీలా?"

పత్రికలో వాళ్ళు నాలుగు పేజీలు రాశారు ఈ మాట చెప్పడానికి.

మధ్యాహ్నం రెండు దాటాక ప్లగిన్ ఎక్కింది. 'వినండి' నొక్కాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత క్లారినెట్టు పలికింది.

పది సెకన్లు పలికి ఆగింది. సామాను వస్తోంది, ఆగండి, అని రాసింది. ఇరవై సెకన్ల తర్వాత మళ్ళీ పది సెకన్లు. మళ్ళీ ఆగింది. చాచా ఎడమచేతి వేళ్ళు తొడ మీద పైకీ కిందికీ ఆడుతున్నాయి. పాట ఆగినప్పుడు ఉన్న వేలు ఉన్నచోటే ఆగి, వచ్చినప్పుడు అక్కణ్ణించే కదిలింది. నేను దగ్గాను. కింద బజ్జీల్లో మిరపకాయ మాడింది, అంతే.

"ఇగ కేసెట్టుకు ఎక్కిద్దం," అన్నాడు ఓనరు. మూల నుంచి టేపు డెక్కులూ మిక్సరూ తెచ్చి, కంప్యూటరు స్పీకరు వైరు పీకి అందులో గుచ్చాడు. పదేళ్ళుగా చేతికొచ్చిన పని. మేము లేకపోయినా ఫరవాలేదనిపించి, నేనూ చాచా అర్జీ కాగితాలు జిరాక్సు తీయించడానికి కిందికి దిగాం. జిరాక్సు షాపులో ఫ్యూజు పోయింది. మేము తిరిగి వచ్చేసరికి మూడున్నర.

ఓనరు మొహం వెలిగిపోతోంది. "ఫస్టుక్లాసు వచ్చింది చాచా. ఒక్క గ్యాపు లేదు."

ఒక్క గ్యాపు లేకపోవడం ఎట్లా సాధ్యమని నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. టేపు పెట్టాడు. క్లారినెట్టు పది సెకన్లు. ఆ వెంటనే, అతుకు కూడా తెలియకుండా, బరాత్‌లో ఎక్కించే సినిమా పాట. ఇరవై సెకన్లు. మళ్ళీ క్లారినెట్టు. మళ్ళీ పాట. పీర్ల ఊరేగింపు మధ్యలో హీరోయిన్ గజ్జెలు.

చాచా చెయ్యి చాపి టేపు ఆపాడు.

"ఇప్పుడు గూడనా సేటూ?"

ఓనరు వెలుగు ఆరిపోయింది. "నా చెయ్యి చాచా... దానంతటదే పోయింది. సప్పుడు ఆగంగనే రెండో డెక్కు లేపుడే మా పని. గ్యాపుంటే పార్టీ కొట్టనీకొస్తది. పదేండ్ల అలవాటు. అల్లా కసమ్, నాకు సోయి లేదు." ఆయన హిందువు. చాచా ముందు ఆ ఒట్టే బాగుంటుందని తోచినట్టుంది.

మళ్ళీ రికార్డు చేద్దామని నేను 'వినండి' నొక్కాను. డబ్బా లేచింది. శుభవార్త, మీ ప్లగిన్‌కు కొత్తది వచ్చింది, అది తెచ్చుకున్నాకే వినగలరు. రెండు గంటలు కూడా కాలేదు దాన్ని ఎక్కించి. నా జీవితంలో నేను ఒక యంత్రాన్ని అమ్మనాబూతులు తిట్టడం అదే మొదలు. తిట్లన్నీ తెలుగులో తిట్టాను. దానికి అవి అర్థం కావడానికి ఇంకో ప్లగిన్ కావాలేమో.

"దింపుదమా?" అన్నాడు ఓనరు.

"మూడు గంటలు పడ్తది. ఆఫీసు ఐదింటికి బందు" అన్నాను.

చాచా లేచి టేపు డెక్కు ముందు కూర్చున్నాడు. "వైర్లన్ని పీకెయ్" అన్నాడు. ఏ వైరూ లేకుండా రికార్డు బటన్ నొక్కితే టేపు మీద ఉన్నది చెరిగిపోయి నిశ్శబ్దం మిగులుతుంది. ఓనరుకు అర్థమైంది. "చాచా, ఒక్క సెకను అటిటైతే నీదే పోతది. నేను జేస్త."

"నాది ఏడ ఆగుతదో నాకెర్క లేదా? నీ చెయ్యి మాత్రం దూరం వెట్టు."

పాట మొదలయ్యే చోట నొక్కాడు, క్లారినెట్టు ఎత్తుకునే ముందు వదిలాడు. పద్నాలుగు ముక్కలు. ఒక్కచోట ఆయన స్వరం తోక కొంచెం తెగింది. అక్కడ మాత్రం "ఛ" అన్నాడు.

"గిట్ల మధ్యమధ్యన ఖాళీలుంటే బాగుండదేమో చాచా," అన్నాడు ఓనరు, చేతులు వెనక కట్టుకుని.

"ఉండనీ. నాది కానిది నాకొద్దు. గంతే."

ఆఫీసుకు చేరేసరికి ఐదుకు పది నిమిషాలు. గుమాస్తా సంచి సర్దుకుంటున్నాడు. చాచా కేసెట్టు రెండు చేతుల్తో అందించాడు. "సార్, మధ్యల ఆగుతది. ఖరాబ్ అనుకోవద్దు. మళ్ళ వస్తది."

"ఇక్కడ టేపెక్కడిదయ్యా వినేటందుకు?" అన్నాడు గుమాస్తా. అర్జీ, జిరాక్సులు ఒకదాని మీద ఒకటి పేర్చి, దబ్బనంతో పొడిచి, తాడును కేసెట్టు చక్రం బొక్కలోంచి దూర్చి, గట్టిగా రెండు ముళ్ళు వేశాడు. ఫైలు మీద 'కేసెట్టు: 1' అని రాసి, ముద్ర కొట్టి, రసీదు చించిచ్చాడు. ఏ కంపెనీ కేసెట్టని అడగలేదు.

చాచా మెట్ల మీద నిలబడి రసీదు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇనలే," అన్నాడు.

"ఇనలే చాచా."

"ఇంటే ఆ తెగిన కాడ పట్టేటోడేమో. మంచిదే అయింది పో."

ఎనిమిది నెలలకు పింఛను మంజూరైంది. ఏటా నవంబరులో బతికే ఉన్నట్టు సర్టిఫికెటు ఇవ్వాలి. దానికి పాస్‌పోర్టు సైజు ఫోటో ఒకటి, రేషన్ కార్డు జిరాక్సులు రెండు చాలు.