ఊడ్చి పెట్టిన మేత

వినాయక చవితి వెళ్ళాక వచ్చిన శనివారం, పొద్దున తొమ్మిదిన్నర. పెనం మీద పెసరట్టు తిరగేస్తున్నాను. మా అమ్మాయి ఫోను మోగింది. "ఓకే, ఓకే" అని రెండుసార్లు అని, స్టవ్ తనే కట్టేసి, "అమ్మా, కారెక్కు. గుర్రం పడుకుంటోంది, లేస్తోంది, మళ్ళీ పడుకుంటోందట" అంది. అట్టు పెనం మీదే ఉండిపోయింది.

నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. తిప్పి తిప్పి రాయడం చేతకాదు. ఎవరెవరం ఉన్నామో ముందే చెప్పేస్తాను. కాలిఫోర్నియాలో డబ్లిన్ అనే ఊళ్ళో మా అమ్మాయి ఉద్యోగం చేస్తుంది. అల్లుడు జబ్బు చేసి అక్కడి ఆసుపత్రిలోనే పోయాడు. పిల్లల్లేరు. ఆ ఏడు ఆ ఇంట్లో ఇద్దరు ముసలివాళ్ళం ఉన్నాం. నేనొకదాన్ని, అల్లుడి తండ్రి, అంటే మా వియ్యంకుడు ఒకడు. ఆయనది నల్గొండ పక్క, నాది బాపట్ల. ఆయన నన్ను చెల్లెమ్మా అంటాడు, నేను అన్నయ్యగారూ అంటాను. అంతకు మించి మాకు పొసగేది తక్కువ. ఆయన వండితే కారం, నేను వండితే పులుపు. మధ్యలో ఆ పిల్ల పెరుగన్నం తిని లేచిపోయేది.

మొగుడు పోయిన కొన్నాళ్ళకి మా అమ్మాయి ఒక ముసలి ఆడగుర్రాన్ని కొనుక్కుంది. ఎవర్నీ అడగలేదు. ఎర్రమట్టి రంగు, నుదుటి మీద చారెడు తెలుపు. విని నేను తిట్టాను. వచ్చి చూశాక నోరు మూసుకున్నాను. ఎందుకంటే ఇంట్లో ఎంత పలకరించినా ఊఁ అని ఊరుకునే పిల్ల, ఆ గుర్రం మెడ దువ్వుతూ తెలుగులో గంటసేపు మాట్లాడేది. ఆఫీసు సంగతులు, కూరల సంగతులు, మొగుడి సంగతులు. గుర్రం రాకముందు ఆ పిల్ల శని ఆదివారాలు గదిలోంచి బయటికి వచ్చేది కాదని వియ్యంకుడు చెప్పాడు. గుర్రం పోతే మళ్ళీ ఆ గదిలోకే పోతుంది. ఆ శనివారం కార్లో కూర్చున్నప్పుడు నా భయం అదొక్కటే. గుర్రం మీద ప్రేమ అని అబద్ధం రాయను.

గుర్రాల శాల ఊరు దాటి లివర్‌మోర్ వైపు పోతే, ఎండిన వాగు పక్కన ఉంది. ఒక పెద్ద వయసు తెల్లావిడ నడుపుతుంది. చుట్టూ గడ్డి ఎండిపోయిన కొండలు, కింద అంతా ఇసుక. మా సముద్రం ఒడ్డు ఇసుక కంటే కాస్త ముతక, అంతే తేడా.

మేం ముగ్గురం దిగేసరికి ఆ తెల్లావిడ తాడు పట్టుకుని గుర్రాన్ని నడిపిస్తోంది. అది నాలుగడుగులు వేస్తుంది, ఆగుతుంది, ముందరి కాలితో నేలని గీరుతుంది. మెడ తిప్పి తన డొక్క వైపే చూసుకుంటుంది, అక్కడేదో కరుస్తున్నట్టు. ఒళ్ళంతా చెమట. మా అమ్మాయి తాడు అందుకుంది. గుర్రం ఆమె భుజానికి నుదురు ఆనించి మూలిగింది. గుర్రం మూలుగుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

పశువుల డాక్టరమ్మ ట్రక్కులో వచ్చింది. పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూసింది, నొప్పి తగ్గడానికి మెడకు ఇంజెక్షన్ ఇచ్చింది. తర్వాత గొట్టం చెవులకు పెట్టుకుని, రెండో చివర పొట్ట కింద ఆనించి చాలాసేపు వంగే ఉంది. మా అమ్మాయిని పిలిచి వినమంది. మా అమ్మాయి విని, నాకిచ్చింది.

"విను అమ్మా. ఏం వినపడుతోందో చెప్పు."

విన్నాను. "సముద్రం," అన్నాను. అల వెనక్కి పోతూ ఇసుకని ఈడ్చుకుపోయే చప్పుడు. చిన్నప్పటి నుంచీ విన్నదే, పోల్చుకోకుండా ఎలా ఉంటాను?

మా అమ్మాయి ఆ మాట ఇంగ్లీషులో చెప్తే డాక్టరమ్మ తలూపింది. గుర్రం కడుపులో ఆ చప్పుడు ఉండకూడదట. మేతతో పాటు ఇసుక పోయి పేగు అడుగున పేరుకుంటుందట. రోజూ కొంచెం కొంచెంగా, నెలల తరబడి. ఒకరోజు పేగు కదలనని మొరాయిస్తుంది. శాండ్ కోలిక్ అంటారట వీళ్ళు.

పొడుగు చేతొడుగు తొడుక్కుని గుర్రం వెనకనుంచి ఇంత పేడ తీసింది. దాన్ని ఇంకో పల్చటి ప్లాస్టిక్ చేతొడుగులో వేసి, నీళ్ళు పోసి, పిసికి, వేళ్ళు కిందికి ఉండేట్టు కంచెకి వేలాడగట్టింది. అందరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. గడ్డి పీచు పైకి తేలింది. ఇసుక మెల్లగా వేళ్ళలోకి దిగింది. అయిదు వేళ్ళూ నిండాయి. ఎవరో చెయ్యి చాచి మమ్మల్ని అడుగుతున్నట్టుంది.

"నేల మీద తింటుందా ఇది?" అని డాక్టరమ్మ అడిగింది.

"లేదు," అంది మా అమ్మాయి. "పొద్దున వలసంచిలో, సాయంత్రం తొట్టిలో."

పొద్దుటి మేత తెల్లావిడ వేస్తుంది, వలసంచిలో వేసి పైన కడుతుంది. సాయంత్రం మేత మాది. పెద్ద రబ్బరు తొట్టి ఉంది దానికి. అందరం తొట్టి కోసం చూశాం. తొట్టి కంచెకి ఆనించి, బోర్లించి ఉంది. కడిగి కడిగి నల్లగా మెరుస్తోంది. దాని పక్కన చాపంత మేర నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. అంచుల్లో చీపురు గీతలు ఇంకా కనిపిస్తున్నాయి, చీపురు పక్కనే ఉంది.

ఆ చీపురు దేనికని తెల్లావిడ అడిగింది. మా వియ్యంకుడికి ఇంగ్లీషు రాదు. కానీ చేతొడుగుని చూశాడు, తొట్టిని చూశాడు, ఊడ్చిన నేలని చూశాడు.

"నేనేనా బిడ్డా?" అన్నాడు.

ఆయన చేసింది ఇది. సాయంత్రం వచ్చేసరికి తొట్టిలో నిన్నటి గడ్డి కాస్త మిగిలి ఉండేది. ఎంగిలి దాంట్లో కొత్తది కలిపి పెట్టడం ఆయనకి మనసొప్పలేదు. "మూగజీవమైతేంది, ఎంగిల్లనే పెడ్తమా?" అనేవాడు. తొట్టి దులిపి, తోమి, ఎండకి బోర్లించేవాడు. అది ఆరేలోపు గుర్రం ఆకలితో ఆగకూడదని ఒక చోట నేల ఊడ్చి, నీళ్ళు చిలకరించి, అక్కడ గడ్డి పరిచేవాడు. మనిషికి విస్తరి వేసే ముందు చేసినట్టే. తొట్టి ఆరాక మిగతా గడ్డి దాంట్లో వేసేవాడు, ముందటి సాయంత్రం మాత్రం అది ఆరకముందే ఇంటికొచ్చేశాం. గుర్రం గడ్డి తినేసి, అడుగున రాలిన నలుసుల కోసం నేల నాకేది. చూసి, "ఎంత ఇష్టంగా తింటోందో" అని మేమిద్దరం మురిసేవాళ్ళం. మా ఇద్దరికీ కుదిరిన ఒకే ఒక్క సంగతి అదే.

మా అమ్మాయి చూడలేదా అంటే, చూడలేదు. ఆ వేళకి కార్లో కూర్చుని ఉండేది. మీటింగ్ అనేది. ఫోను సీటు మీద పడి ఉండేది, తను స్టీరింగు మీద తల వాల్చి ఉండేది. మీటింగులు అలా ఉండవని నాకూ తెలుసు. పిలిచేదాన్ని కాదు.

ఇప్పుడు మామగారి మాటకి ఆ పిల్లకి జవాబు చెప్పే తీరిక లేదు. డాక్టరమ్మ ముక్కులోంచి కడుపులోకి గొట్టం దింపుతుంటే తల పట్టుకుని నిలబడింది. బకెట్టులో ఏదో పొడి, భేదికి ఇచ్చే ఉప్పు, నీళ్ళు కలిపి పంపుతో లోపలికి కొట్టారు. పొడి డబ్బా చూసి మా అమ్మాయి, "ఇది ఇసబ్గోల్ అమ్మా" అంది. మా వియ్యంకుడు రోజూ పడుకోబోయే ముందు వేన్నీళ్ళలో కలుపుకుని తాగేది అదే. ఇంకో రోజైతే నవ్వేవాళ్ళం.

మందు పోశాక నడిపించమన్నారు. కాసేపు బాగానే నడిచింది. తర్వాత ఇంజెక్షన్ బలం తగ్గిందో ఏమో, ముందరి కాళ్ళు మడిచి కూలబడింది, దొర్లబోయింది. మా అమ్మాయి తాడు పట్టి లాగుతూ, "లే, లేవే, నా మాట విను" అని అరిచింది. తెల్లావిడా నేనూ వెనకనుంచి తోశాం. నా బలం ఎంత? అయినా తోశాను. లేచింది.

డాక్టరమ్మ మరో ఇంజెక్షన్ ఇచ్చి మా అమ్మాయిని పక్కకి తీసికెళ్ళింది. ఈ మందుకి కూడా నొప్పి ఆగకపోతే పెద్దాసుపత్రికి తీసికెళ్ళి పొట్ట కొయ్యాలి. ఈ వయసులో బల్ల మీంచి లేస్తుందన్న నమ్మకం లేదు. కోత వద్దనుకుంటే, నొప్పి లేకుండా ఇక్కడే నిద్రపుచ్చాలి. ఏదో ఒకటి నువ్వే చెప్పాలి అంది. చివరికి, "ఒక గంట చూద్దాం" అంది.

మా అమ్మాయి మొహం చూశాను. అల్లుడప్పుడు కూడా పెద్ద డాక్టరు అదే మాటన్నాడట. ఒక గంట చూద్దాం. ఆ గంట తర్వాత ఏమైందో ఆ పిల్లకి తెలుసు. నావైపు తిరిగి, చిన్నప్పుడు జ్వరంలో అడిగినట్టు, "ఇప్పుడేం చెయ్యాలమ్మా?" అంది. నాకేం తెలుసు? తెలియదనే చెప్పాను.

మా వియ్యంకుడు తను ఊడ్చిన చోటే చతికిలబడ్డాడు. పిడికిలితో ఇసుక తీసి వదుల్తున్నాడు.

"నన్ను ఇంటికి పంపియ్యి బిడ్డా. కొడుకుని తిన్న. ఇప్పుడు దీన్ని గూడ. నా చెయ్యి మంచిది గాదు."

నాకు కోపం వచ్చింది. ఏడవాల్సిన చోట నాకు కోపమే వస్తుంది.

"అన్నయ్యగారూ, అది ఇంకా చావలేదు. నిలబడి ఉండగానే పిండం పెట్టకండి."

"నీకేమమ్మా, నువ్వు ఊడ్వలే."

"ఊడవకపోయినా పక్కనే కూర్చుని మెచ్చుకున్నానుగా. లేవండి."

ఆయన లేవలేదు. మా అమ్మాయి తాడు పట్టుకుని మా ముందు నుంచి పోతూ ఆగింది. తాడు ఒరుసుకుని అరచేతులు ఎర్రగా కమిలి ఉన్నాయి. పొద్దుట్నుంచీ ఆ తాడు ఎవరికీ ఇవ్వలేదు, తెల్లావిడ అడిగినా ఇవ్వలేదు.

"మామయ్యా, నా చేతులు లాగేస్తున్నాయి. కాసేపు మీరు పట్టుకోండి."

ఆయన తలెత్తి చూశాడు. "నేనా?"

"మీరే. మీరు పిలిస్తే వస్తుందిగా అది."

ఆయన లేచి, పంచెకి చేతులు తుడుచుకుని తాడు అందుకున్నాడు. ఎండలో ముసలాయనా ముసలిగుర్రమూ కంచె చుట్టూ తిరిగారు. "నడువు తల్లీ, నడువు. తప్పు నాది, నొప్పి నీకొచ్చె. నడువు." మా అమ్మాయి ఆ ఊడ్చిన నేల మీద నా పక్కన కూర్చుంది.

గంట అయిపోయింది. గుర్రం మళ్ళీ డొక్క వైపు చూడ్డం మొదలుపెట్టింది. డాక్టరమ్మ చిగుళ్ళు చూసి తల అడ్డంగా ఊపింది. మా అమ్మాయి కళ్ళు మూసుకుని, "ఆసుపత్రికే" అంది. తెల్లావిడ గుర్రాల్ని ఎక్కించుకుపోయే బండిని వెనక్కి తెచ్చి, ఎక్కించే రేకు కిందికి దింపింది. మా వియ్యంకుడే గుర్రాన్ని ఎక్కించడానికి నడిపించాడు. ముందు కాళ్ళు రేకు మీద పెట్టింది. వెనక కాళ్ళూ పెట్టింది. అక్కడ ఆగిపోయింది. ఆయన తాడు లాగలేదు. "ఏమైంది తల్లీ?" అన్నాడు.

గుర్రం తోకెత్తింది.

ముందు నీళ్ళలాంటిది పడింది. తర్వాత పేడ. పేడతో పాటు ఇసుక. రేకు మీద ఇసుక రాలితే వర్షం మొదలైన చప్పుడు వచ్చింది. డాక్టరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, ఒట్టి చేత్తో దాన్ని నలిపి చూసింది. మా అమ్మాయితో ఏదో అంది.

"ఏమంది?" అన్నాన్నేను.

"కదిలిందట. గండం గడిచిందని కాదట. కానీ కోత ఇవాళ వద్దట."

మా అమ్మాయి ఏడ్చింది. మొగుడు పోయాక ఆ పిల్ల మా ఎదట ఏడవడం అదే మొదటిసారి. కార్లో కాదు, మా మధ్యన.

తర్వాత చాలా రోజులు డాక్టరమ్మ వచ్చి గొట్టం వేసింది. ఇప్పుడు తొట్టి కింద రబ్బరు పరుపు ఉంది. గడ్డి ఎప్పుడూ వలసంచిలో కొంచెం మిగిలి ఉండేట్టు చూస్తాం, ఆకలికి నేల నాకకుండా. ఎంగిలైనా సరే. ప్రతి నెలా ఒక వారం మేతలో ఇసబ్గోల్ కలుపుతాం. చేతొడుగులో పేడ నానబెట్టి కంచెకి కట్టేది మా వియ్యంకుడే, వేళ్ళకేసి కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తాడు. ఒక వేలికి గోరంత ఇసుక దిగినా ఆయనకి అన్నం దిగదు. చీపురు తెల్లావిడకి ఇచ్చేశాడు.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళం వీళ్ళం. గుర్రాల శాల నడిపే తెల్లావిడ. ఒట్టి చేత్తో పేడ నలిపిన డాక్టరమ్మ. చేతులు కమిలిపోయిన మా అమ్మాయి. పంచె నిండా ఇసుకతో మా వియ్యంకుడు. నేను. అల్లుడు లేడు. లేనివాణ్ణి ఉన్నట్టు రాయడం నాకు రాదు. గుర్రం ఉంది. మేం ఇంటికి బయల్దేరేసరికి కూడా నిలబడే ఉంది.