నార నానేలోగా

లెమాయర్‌కి నార తీయడం నేర్పింది వాళ్ళ పెద్దమ్మ ఇలెసుగ్. మా దీవిలో ఆడపిల్లలు నారతో అల్లిన లంగాలే కడతారు, ఎవరి లంగాకి నార వాళ్ళే తీసుకుంటారు. లెమాయర్ మాత్రం పెళ్ళీడు వచ్చేదాకా ఏదో వంకతో తప్పించుకుంటూ వచ్చింది.

ఆ ఏడు మగవాళ్ళు తాబేళ్ళ కోసం ఉత్తరాన మనుషుల్లేని దీవికి తెరచాప పడవలో వెళ్ళారు. లెమాయర్ అన్న రగుల్, ఇలెసుగ్ ఒక్కగానొక్క కొడుకు తఫెయ్ అందులో ఉన్నారు. పడవ కనుమరుగు కాగానే పెద్దమ్మ కత్తి పట్టుకుని వచ్చింది.

"లేవే బద్ధకపుదానా, మందార కొమ్మలు కొడదాం. నార నానేలోగా వాళ్ళొచ్చేస్తారు."

తీరాన పెరిగే ఆ మందార బెరడే నార అవుతుంది, దానికి నిటారుగా ఎదిగిన లేత కొమ్మలే పనికొస్తాయి. బెరడు తెగకుండా మొదలు నుంచి చివరిదాకా ఒకే లాగుడులో రావాలి. లెమాయర్ చేతిలో సగం తెగిపోయాయి. మిగిలినవి కట్టలు కట్టి, తీరం పక్క బురదనీళ్ళలో రాళ్ళ కింద పెట్టారు.

తర్వాత గాలి ఆగిపోయింది. ఆకు కదలకపోయినా ఉత్తరం నుంచి పెద్ద పెద్ద అలలు వచ్చి రాతిగట్టు మీద పడుతున్నాయి. ఎక్కడో గాలివాన కొట్టిందని అందరికీ తెలుసు. చామగుంటల దగ్గర ఆడవాళ్ళు ఇలెసుగ్ వస్తే మాట ఆపేసేవారు.

కట్టలు కుళ్ళువాసన వేస్తున్నాయి. తీద్దామంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు, ఇంకా నానాలంది. మర్నాడూ అదే మాట. ఆమెకి ముక్కు పనిచేయక కాదని లెమాయర్‌కి అప్పుడు అర్థమైంది. నార తీస్తే, పడవ వచ్చే గడువు దాటిపోయినట్టే.

చివరికి నార పాడైపోతుందని లెమాయర్ తనే నీళ్ళలోకి దిగి రాళ్ళు దొర్లించింది. పెద్దమ్మ తిట్టలేదు. వచ్చి పక్కన కూర్చుని, ఆల్చిప్పతో జిగురు ఎలా గీకాలో చూపించింది. ఎక్కువ నానిన పోగులు వేళ్ళ మధ్యే చీకిపోతున్నాయి.

అలా గీకుతుండగా పడవ వచ్చింది. తెరచాప చినిగిపోయి, ఒరిగి వస్తోంది. రగుల్ ఒడ్డుకి దిగి, చెల్లెలి వైపు కాక పెద్దమ్మ వైపు నడిచాడు. గాలికి తెరచాప కొయ్య విరిగి తగిలి తఫెయ్ నీళ్ళలో పడ్డాడని, చీకటిపడేదాకా వెతికామని చెప్పాడు.

అన్నను చూడగానే పొంగిన సంతోషానికి లెమాయర్ సిగ్గుతో చచ్చిపోయింది. లేవబోయింది. పెద్దమ్మ ఆమె మోకాలు మీద చెయ్యి వేసి నొక్కింది.

"గీకు. ఆరిపోతే రాదు."

ఇద్దరూ పొద్దుగూకేదాకా గీకారు. తక్కిన ఆడవాళ్ళు వచ్చి చుట్టూ కూర్చుని శోకాలు మొదలుపెట్టాక కూడా ఇలెసుగ్ చిప్ప కింద పెట్టలేదు.

ఆ లంగా ఒకవైపు ఒత్తుగా, ఒకవైపు పలచగా వచ్చింది. ఆ తర్వాత లెమాయర్ దీవిలో అందరికన్నా బాగా నార తీసేది. పెద్దమ్మ బతికినన్నాళ్ళూ కొమ్మలు కొట్టడానికి తోడొచ్చేది, బెరడు వలిచేది. కట్టలతో నీళ్ళలోకి మాత్రం లెమాయర్ ఒక్కతే దిగేది. పెద్దమ్మ ఒడ్డున అటు తిరిగి కూర్చునేది.