చిలుకల అంచు అట్టలు

మగ్గాలు ఒక్కొక్కటే అమ్ముడుపోయిన రోజుల్లో కూడా మేము అమ్మనిది ఒకటుంది: చిలుకల అంచు అట్టల కట్ట. మూడు వేళ్ల వెడల్పున్న పొడుగాటి అట్టలు, వాటి నిండా రంధ్రాలు. నేసేటప్పుడు ఏ పోగు పైకి లేవాలో ఆ రంధ్రాలే చెబుతాయి. నూట యాభైకి పైగా అట్టలను వరుసగా దారంతో కుట్టి మగ్గం పైన వేలాడదీస్తే, చీర అంచు మీద ఒక జత చిలుకలు పూర్తయ్యేవి. ఆ అంచు మా తాత గీయించింది. కొత్తకోటలో మా మగ్గాల మీద తప్ప ఎవరూ నేయలేదు. నేయనివ్వలేదు.

మగ్గాలన్నీ పోయాక నేను బట్టల దుకాణంలో కొలువుకు కుదిరాను. ఇస్త్రీ లేని చొక్కాతో మాత్రం ఏనాడూ గడప దాటలేదు.

ప్రత్యేక రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు, మా నాయిన దగ్గర ముప్పై ఏళ్లు నేసిన ముసలాయన ఇంటికి వచ్చాడు. ఇప్పుడు సొంత మగ్గం మీద నేస్తున్నాడు.

"జర గా చిలుకల అట్టలు ఇయ్యరాదు సేటూ. కొనేటోళ్లు పాత అంచులే కావాల్నంటుండ్రు. నేసి మల్ల తెచ్చిస్త."

"మా అంచు ఇంకో ఇంటి మగ్గం ఎక్కది కాకా."

"మీకు మగ్గమే లేకపాయె. మరి యాడెక్కుతది?"

ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆ ఏడే మా బిడ్డ పెళ్లి కుదిరింది. పెళ్లి గోవాలో, సముద్రం ఒడ్డున. పిలుపు పత్రికలు ప్రయాణపు టికెట్ల లాగా ఉండాలని, వాటిని ఇంట్లోనే చేయాలని బిడ్డ కోరిక. దేనితో చేయాలా అని వెతుకుతూ అటక మీది కట్టను దించింది.

"నాయినా, గివి అచ్చం విమానం టికెట్ల లెక్కనే ఉన్నయి! కోస్తే మల్ల పనికొస్తయా?"

"రావు."

తను కత్తెరను నేల మీద పెట్టింది. నేను తీసుకున్నాను. ఇంకొకరి మగ్గం మీదికి పోవడం కంటే టికెట్లయి పోవడమే మేలనిపించింది. దారాలు నేనే తెంచాను. సగం రంధ్రాల మీద కాగితం అంటించి 'కొత్తకోట నుంచి గోవాకు' అని రాశాం. రబ్బరు ముక్క మీద విమానం చెక్కి నీలం సిరాతో ముద్ర వేశాం. నాలుగు మూలలా పసుపు పెట్టాం. నా భార్య పసుపు గిన్నె అందిస్తూ, "తెంపెతందుకు చేతులెట్ల వచ్చినయి నీకు?" అని ఒక్కమాట అంది.

దూరపు వాళ్లకు పోస్టులో పంపి, ఊళ్లోవాళ్లకు స్వయంగా పంచాను. ముసలాయనకు చివరగా, ఆయన ఇంటికి వెళ్లి ఇచ్చాను. ఆయన రాసింది చదవలేదు. అట్టను వెలుతురుకెత్తి, మిగిలిన రంధ్రాల మీద బొటనవేలితో తడిమాడు.

"ఇది చిలుక ముక్కు తిరిగే కాడి అట్ట గద సేటూ."

"అవును."

"తక్కినయి?"

"అన్నీ పంచిన."

నేను ఆయన మగ్గం పక్కన నిలబడే ఉన్నాను. కూర్చోమని కూడా అనలేదు.

"గా అంచుది చీర ఉన్నదా ఇంట్ల?" అన్నాడు చివరికి. "ఉంటే పోగులు లెక్కవెట్టి కొత్త అట్టలు కొట్టుకుంట. కాని అవి నావి. 'మా అంచు' అని మల్ల నా ఇంటి మీదికి రావొద్దు."

ఆ అంచుతో మిగిలింది నా భార్య పెళ్లిచీర ఒక్కటే. ఇంటికి వెళ్లి అడిగితే, మారుమాట లేకుండా పెట్టెలోంచి తీసిచ్చింది.

చీర పట్టుకుని మళ్లీ ఆయన ఇంటికి వెళ్లాను. నేల మీద పరిచి, పక్కన కూర్చుని, భూతద్దం పెట్టి నేను పోగులు లెక్కపెట్టి చెబుతుంటే ఆయన గళ్ల కాగితం మీద రంధ్రాలకు గుర్తుగా చుక్కలు పెట్టాడు. రెక్క దగ్గర ఒక వరుస తప్పు చెప్పాను.

"సక్కగ సూడు," అన్నాడు, తలెత్తకుండానే.

మా మగ్గాల దగ్గర పనిచేసినవాళ్లెవరూ మాతో అలా మాట్లాడి ఎరగరు. నేను ఆ వరుసను మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను.