అసిరమ్మ పల్లంలో పంట కుంట

అసిరమ్మ తన మరిది భూమిని కాజేసిందని తగరపువలస సంతలో కొందరంటారు. ఉపాధి హామీ ఉద్యోగులను మంచి చేసుకుని సర్కారు కుంటను తన పొలంలోకి తెచ్చుకుందని మరికొందరు. భర్త పోయిన మనిషి ఏడిస్తే అందరూ కరిగిపోయారని జాలిపడేవారూ లేకపోలేదు. ఈ మాటల్లో ఒక్కటీ నిలవదు. కుంట తవ్వబోయిన ఆ ఉదయం ఆమె ఏడవనే లేదు.

అత్తగారు బతికుండగా, ఆమె మాట మీద అన్నదమ్ములిద్దరూ పొలాలు మార్చుకున్నారు. తమ్ముడు సింహాద్రికి రోడ్డు పక్క మెరక, అసిరమ్మ భర్తకు దిగువ పల్లం. మాట నలుగురి ముందు అనుకున్నదే. కాగితం మాత్రం మార్చలేదు. ఇంటి మనుషుల మధ్య కాగితం అడగడం అసిరమ్మ ఊళ్లో అవమానం. అందువల్ల ఆమె ఏళ్లుగా వంగ, బెండ పండిస్తున్న పల్లం రికార్డులో ఇంకా సింహాద్రిదే. తన పొలానికి ఒకరిని అడిగేదేమిటనుకుని, మరిదికి కబురైనా చేయకుండా, పైరుకి వాననీరు నిలిపే కుంటకు ఉపాధి హామీలో అర్జీ పెట్టింది.

వేసవి చివర బోరు ఎండిపోయింది. వంగ మొక్కలు తలలు వాల్చేశాయి. కూలీలు గునపాలతో గట్టున కూర్చున్నారు. ఉపాధి హామీ ఉద్యోగిని జ్యోతిర్మయి సున్నంతో హద్దు గీయబోతుండగా సింహాద్రి బండి దిగాడు. స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని, దువ్వాడలో కాపురం. షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు.

“ఆపండి! నా బూమిలో నాకు తెలీకుండా గొయ్యేటి?”

“నీ బూమేటి సింహాద్రీ? మీయమ్మ మాట మరిసిపోనావా?”

“నాను మరవనేదు వదినా. నాకు సెప్పడం నువ్వే మరిసిపోనావు. కుంట పేరు సెప్పి పొలం రాయించుకుంతన్నావని ఒకటే ఫోన్లు.”

జ్యోతిర్మయి సున్నం డబ్బా కింద పెట్టింది. “రికార్డులో ఉన్నాయన ఒప్పుకోకపోతే పని పక్క ఊరికి ఇచ్చేస్తానండి. వానలు పడితే ఇక తవ్వకం ఉండదు.”

“బేగి తేల్చండే,” అంది కూలీల్లో పెద్దదైన పాపాయమ్మ. “తవ్వితేనే కూలి. ఎండైతే ఉత్తినే కొడతంది.”

ఎవరూ నవ్వలేదు. భూమి సింహాద్రిదని ఒప్పుకుంటే ఇన్నేళ్ల సేద్యం అతని చేతిలో పెట్టినట్టే. ఒప్పుకోకపోతే కుంట లేదు, పైరూ దక్కదు. అసిరమ్మ వాలిన మొక్కల వైపు ఒకసారి చూసింది.

“మేడమ్, కాగితం ఆడిదే. కుంట ఆడి పేర్నే రాయండి.” మరిది వైపు తిరిగింది. “కాగితమే సూద్దామంటే, నువ్వు ఇంటికి పునాదులేసిన మెరక నాది. అది నానడగను. అడగనని ఈళ్లందరి ముందూ సెప్తన్నాను. నువ్వేటంతావో సెప్పు.”

సింహాద్రి రోడ్డు వైపు చూశాడు. అతని పునాది రాళ్లు అక్కడి నుంచే కనిపిస్తున్నాయి.

“మాటంటే మాటే. గీయండి మేడమ్.” తరువాత గొంతు తగ్గించాడు. “ముందే సెప్పుంటే సెలవెట్టుకొచ్చీవోణ్ని కదే వదినా.”

అసిరమ్మ ఎవరి భూమినీ కాజేయలేదు. పల్లం ఇప్పటికీ సింహాద్రి పేరనే ఉంది. అడగవలసిన మనిషిని అడగకుండా పని మొదలుపెట్టింది, అది తప్పే. ఆ తప్పు ఎదురు తిరిగినప్పుడు, కాగితం తనకిచ్చిన హక్కును అందరి ముందు వదులుకుని, పల్లంలో వాననీరు నిలిపింది. ఆమె చేసింది అంతే.