మా డ్రోను అరికాలు

నేను చెబుతున్నాను, మా అమ్మాయి రాస్తోంది. సంతకం, బస్సు మీద మా ఊరి పేరు, పాటల పుస్తకంలో నంబర్లు, ఇంతవరకే నా చదువు. గొంతు కూడా బొంగురు. ఏళ్ల తరబడి రొయ్యల షెడ్డులో ఐసు పక్కన కూర్చుని తలకాయలు తీస్తూ, మోటార్ల హోరులో పక్కమనిషికి వినబడాలని అరిచీ అరిచీ ఇలా అయింది. కాబట్టి దీన్ని చదువుకునేవాళ్లు కాస్త గట్టిగా చదువుకోవాలి. ఈ మాట కూడా రాయమంటే మా అమ్మాయి నవ్వుతోంది.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఒకటే వాకిట్లో ముగ్గురం ఆడవాళ్లం ఉంటాం. నేను, మా అమ్మాయి, మా తోటికోడలు. బావగారు ముందు పోయారు, తరవాత మా ఆయన. తోటికోడల్ని నేను అక్కా అనే పిలుస్తాను. మా చర్చిలో ఆదివారం వాక్యం చదివేది ఆవిడే. బిడ్డకి తాయెత్తు కట్టినవాళ్లనీ, కొత్త బండికి నిమ్మకాయలు తొక్కించినవాళ్లనీ చర్చి గేటు దగ్గరే నిలబెట్టి మందలించేదీ ఆవిడే. పాస్టరు గారయినా చూసీ చూడనట్టు పోతారు గానీ అక్క పోదు.

మా అమ్మాయి ఒక ఇంజనీరింగు కాలేజీ ల్యాబులో పని చేస్తుంది. జీతంలో మిగిల్చుకుని సరదాకి ఒక డ్రోను కొనుక్కుంది. రెండు అరచేతుల్లో పడుతుంది. నాలుగు మూలలా నాలుగు రెక్కలు, ముందు ఒక కెమెరా. పైకి లేపి రిమోటు మీంచి వేళ్లు తీసేసినా గాలిలో మేకు కొట్టి తగిలించినట్టు ఉన్నచోటే నిలబడేది. మొదటిసారి అలా చూసినప్పుడు నాకు నవ్వాగలేదు. కింద ఏమీ లేదు, పైన ఏమీ లేదు, ఎలా నిలబడిందో చూడు, అని దాని కింద చెయ్యి పెట్టి ఊపాను. చేతికి చల్లగా గాలి తగిలింది.

అప్పుడు మా అమ్మాయి రిమోటు నా చేతిలో పెట్టింది. మా ఆయన మంచివాడే, కానీ ఉన్నన్నాళ్లూ నన్ను ఒక్క మిషనూ ముట్టుకోనివ్వలేదు. రేడియోలో స్టేషను మార్చాలన్నా ఆయనే మార్చాలి. మోపెడ్ పడిపోతుంటే పట్టుకోబోయినా, "ఉండు, పాడైపోద్ది" అనేవాడు. అలాంటిది ఒక ఎగిరే మిషను నా బొటనవేళ్ల కింద ఉంది. ఎడమవేలు పైకి నెట్టాను, లేచింది. కుడివేలు ముందుకు నెట్టాను, వెళ్లింది. వేళ్లు తీశాను, నిలబడింది. నేను వేసిన కేకకి అక్క కోళ్లన్నీ గద్ద వచ్చిందనుకుని మంచం కిందకి దూరాయి. అక్క వంటింట్లోంచి వచ్చి, ఈ దయ్యాల తూనీగ వల్ల కోళ్లు గుడ్లు పెట్టడం మానేస్తాయని ఒక గంట సాధించింది.

ఆ ఆనందంలో నేను కొంచెం ఎక్కువ మాట్లాడేశాను. ఏటా కోత పండుగకి మా స్త్రీల సమాజం వాళ్లందరం చర్చి ముందు ఫోటో దిగుతాం. స్టూడియో అబ్బాయి నిచ్చెనెక్కి తీస్తాడు, ప్రతిసారీ ఎవరో ఒకరి తల తెగిపోతుంది. ఈసారి నేను ఆకాశంలోంచి తీస్తాను, ఒక్క తల కూడా తెగదు, అని సమాజం మీటింగులో చెప్పేశాను. ఎవరూ నమ్మలేదు. సాయంత్రం అందరూ కట్టకట్టుకుని మా వాకిట్లోకి వచ్చేశారు. ఎగరేసి చూపించాను. అబ్బ ఎంత ముద్దుగా ఉందో అని ఒకరు, తుమ్మెద పిల్లలా ఉందని ఒకరు, ఈవిడ చెయ్యి చూడండే ఎలా తిరుగుతోందో అని ఒకరు. పాస్టరు గారి భార్య అయితే అలాంటిది మా ఇంట్లోనూ ఉంటే బావుణ్ణని నోరు తెరిచి అనేశారు. అక్క అందరికీ టీలిచ్చి, మొహం ముడుచుకుని, స్తంభానికి ఆనుకుని నిలబడింది.

మర్నాడు పొద్దున లేపితే డ్రోను నిలబడలేదు.

పైకి లేస్తుంది. వేళ్లు తీస్తే ఉన్నచోట ఉండకుండా, ఎవరో పిలిచినట్టు పక్కకి జారిపోతుంది. ఇటు లాగితే ఇటు, వదిలితే అటు. ఒకసారి దండెం మీదికి వెళ్లి అక్క దిండుగలీబులో దూరి, గలీబుతో సహా కిందపడి కొట్టుకుంది. ఇంకోసారి కోళ్లగూటి వైపే తిన్నగా పోయింది. మా అమ్మాయి పరిగెత్తి గాల్లోనే పట్టుకుంది.

మా అమ్మాయికి ఇది ఒక ఆట. నాకు కాదు. పండుగ ఆదివారం. వారం మధ్యలో ఉన్నాం. మా అమ్మాయిది ఒకటే మాట: శనివారానికి ఇది గాలిలో కదలకుండా నిలబడకపోతే జనం తలల మీద ఎగరేయనివ్వను, రెక్క తగిలితే కన్ను పోతుంది, స్టూడియో అబ్బాయిని పిలుచుకోండి. ఆ మాట న్యాయమే. కానీ నేను సమాజం ముందుకెళ్లి, మిషను నా చేతిలో పాడైపోయిందండీ, అని చెప్పాలి. మా ఆయన మాటే నిజమయిందని నా నోటితో నేనే చెప్పుకోవాలి. ఆ ముక్క తలుచుకుంటే అన్నం సయించేది కాదు.

ముందు రెక్కలు చూశాం. ఒక రెక్క అంచు గోరంత చిట్లి ఉంది. ఇదే, దొరికింది, అని కొత్త రెక్క వేశాం. లేపగానే డ్రోను బోర్లాపడి బొంగరంలా తిరిగింది. నాలుగు రెక్కలూ ఒక్కలా కనిపిస్తాయి గానీ రెండు ఇటు తిరిగేవి, రెండు అటు తిరిగేవి అట. వాటి మీద చీమతల అంత అక్షరం ఉంటుంది. మార్చి వేశాం. బొంగరం తిరగడం మానేసింది, జారడం మానలేదు.

తరవాత మా అమ్మాయి డ్రోనుతో వచ్చిన పుస్తకం చదివి, దీన్ని సమంగా ఉన్న నేల మీద పెట్టి రిమోటు మీది రెండు పుల్లలూ కిందికి లాగి పట్టుకుంటే ఏది సమమో దానికి గుర్తొస్తుంది అంది. వసారాలో పెట్టి అలాగే చేశాం. ఈసారి డ్రోను తిన్నగా కాలవ వైపు పోయింది. మళ్లీ పెట్టాం, మళ్లీ కాలవ వైపే. నేను కంచంలో నీళ్లు పోసి వసారా నేల మీద పెట్టాను. నీళ్లన్నీ కాలవ వైపు అంచుకి చేరాయి. వానాకాలం నీళ్లు నిలవకూడదని మా ఊళ్లో ఏ మేస్త్రీ అయినా వసారాని కాలవకి వాటంగానే వేస్తాడు. పాపం డ్రోను, ఇల్లు నేర్పిన బుద్ధే నేర్చుకుంది. మా అమ్మాయీ నేనూ కంచం చుట్టూ కూర్చుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వాం. అక్క వచ్చి, తినే కంచం నేల మీద పెట్టుకుని ఆ ఇకఇకలేంటని అడిగింది. చెప్పే ఓపిక మాకు లేకపోయింది.

కంచాన్ని ఇల్లంతా తిప్పి, గదిలో బల్ల మీద నీళ్లు కదలకుండా నిలబడే చోటు చూసి, అక్కడ మళ్లీ నేర్పించాం. కాలవ పిచ్చి పోయింది. కానీ ఇప్పుడు దిక్కూదరీ లేకుండా ఎటంటే అటు జారుతోంది. కొన్నచోటికి ఫోను చేస్తే అక్కడి ఆయన, ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి మేడం, అన్నాడు. నన్ను మేడం అన్నందుకు ఆయన మీద కోపం రాలేదు.

శనివారం వచ్చేసింది. మా అమ్మాయి పుస్తకం చివరి పేజీలు తిరగేసి ఒక సంగతి చెప్పింది. ఖరీదైన డ్రోన్లకి ఆకాశంలోంచి దారి తెలుస్తుందట. ఇలాంటి చిన్నవాటికి ఆ యోగం లేదు. పొట్ట కింద ఒక చిన్న కన్ను ఉంటుంది, దానితో నేలని చూసుకుంటూ, నేల కదిలితే నేను కదిలినట్టు అని లెక్క వేసుకుని నిలబడుతుంది. నేల తెల్లగా, నున్నగా ఉంటే దానికి ఆనవాలు చిక్కదు. మన గచ్చు నున్నగా ఉంది, మొన్నటిదాకా నిలబడినా ఇప్పుడు అదే లోపమేమో, అంది మా అమ్మాయి.

రంగురంగుల నేల కావాలి, అంతే కదా. పాత చీరల ముక్కలు కుట్టి నేను చేసిన బొంత ఉంది. పూలవీ, గళ్లవీ, చుక్కలవీ, ఎన్ని రకాల ముక్కలో. తెచ్చి వాకిట్లో పరిచాను. దీని మీద కూడా దారి తెలియకపోతే అది గుడ్డిదే, అన్నాను.

డ్రోను లేచింది. బొంత మీద ఒక్క క్షణం ఆగినట్టు ఆగి, పక్కకి జారి, అరుగు అంచుకి తగిలి, వచ్చి బొంత మీద వెల్లకిలా పడింది. మా అమ్మాయి దాన్ని తీయబోయి, చెయ్యి అక్కడే ఆపేసి, "అమ్మా, ఇదేంటి?" అంది.

వంగి చూశాను. పొట్ట మధ్యలో చిన్న గాజుకన్ను. ఆ కన్ను మీద నల్లగా, గుండ్రంగా, వేలికొస పెట్టి అద్దినట్టు చుక్క. వేలితో ముట్టుకుని వాసన చూశాను. ఆముదం. ఇంట్లో పట్టిన కాటుక.

ఇన్నాళ్లూ మేము రెక్కలు చూశాం, పుల్లలు చూశాం, నేల చూశాం, దాన్ని మాత్రం తిరగేసి చూడలేదు. మా అమ్మాయి నా మొహం చూసింది. నేను కాదు. ఇద్దరం ఒకేసారి వంటింటి వైపు చూశాం. అక్క చేపల పులుసు కలుపుతోంది. పులుసుకి అంత కలపడం అక్కర్లేదు.

"పెద్దమ్మా, దీనికి దిష్టిచుక్క ఎవరు పెట్టారు?"

అక్క గరిటె ఆపలేదు. పులుసుతో చెప్పినట్టు చెప్పింది. "ఆ రోజు ఊరంతా వచ్చి దాని మీద కళ్లు పోసి పోయారు. పాస్టరమ్మ గారు మాకూ ఉంటే బావుణ్ణన్నారు. మీ అమ్మ మొహం ఎన్నాళ్లకి అలా వెలిగిందో నేను చూశానే. అది పడిపోయి విరిగిపోతే మళ్లీ ఆ మొహం ఎక్కణ్ణుంచి తెస్తాను?"

"మరి కింద పెట్టావేంటి?"

"పసిపిల్లకి ఎక్కడ పెడతాం? అరికాలికి. పైన పెడితే మీరు చూస్తారు, చూస్తే నవ్వుతారు, నవ్వితే పాస్టరు గారి దాకా పోద్ది."

మేము నవ్వలేదనుకుంటే తప్పు. మా అమ్మాయి బొంత మీద దొర్లింది. నేను స్తంభం పట్టుకుని నవ్వి నవ్వి, ఉన్న ఆ కాస్త గొంతూ పోగొట్టుకున్నాను. చివరికి అక్క కూడా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. పులుసు కొంచెం అడుగంటింది.

కళ్లద్దాలు తుడిచే గుడ్డతో మా అమ్మాయి ఆ కన్ను తుడిచింది. ఆముదం కాటుక కదా, ఒక పట్టాన వదల్లేదు. వదిలాక బొంత మీద పెట్టి రిమోటు నాకిచ్చింది. లేపాను. వేళ్లు తీశాను. పూలముక్క మీద సరిగ్గా నిలబడింది. మేకు కొట్టినట్టు. అక్క గడపలోంచి దాన్ని చూస్తూ, అది కన్ను అని చెప్పొచ్చు కదా, అరికాలనుకున్నాను, అని గొణిగింది.

ఆదివారం పొద్దున తెల్లచీర కట్టుకుని బయల్దేరుతుంటే అక్క నన్ను అరుగు మీద కూర్చోబెట్టింది. చెప్పు తియ్యమంది. ఎందుకని అడిగితే, "ఎగరేసేది నువ్వు కదే" అని నా ఎడమ అరికాల్లో కాటుక అద్దింది. మొగుడు పోయాక నాకు ఎవరూ కాటుక పెట్టలేదు. చక్కిలిగింత పుట్టి కాలు లాక్కోబోయాను, గట్టిగా పట్టుకుంది. ఆ చేత్తోనే బైబిలు తీసుకుని ముందు నడిచింది.

ఆరాధన అయ్యాక అరటిగెలలూ, కొబ్బరికాయలూ, వరికంకులూ, గంపలో అక్క తెచ్చిన కోడిపుంజూ చర్చి ముందు పెట్టి వాటి చుట్టూ సమాజం అంతా నిలబడ్డారు. నేల మీద కంకులూ కాయలూ ఉన్నాయి, డ్రోనుకి ఆనవాళ్లకి కొదవ లేదు. నేను రిమోటు పట్టుకున్నాను. మా అమ్మాయి నా పక్కన చేతులు కట్టుకుని నిలబడింది, పట్టుకోవడానికి రాలేదు. డ్రోను లేచి, అందరి తలలూ కనబడేంత ఎత్తుకి వెళ్లి, నిలబడింది. నొక్కాను.

ఆ ఫోటో ఇప్పుడు మా ముందు గదిలో ఉంది. ఒక్క తల కూడా తెగలేదు. అందరూ మొహాలెత్తి నోళ్లు తెరుచుకుని ఉన్నారు. అక్క పుంజు డ్రోనుని గద్దనుకుని గంపలోంచి లేచి పాస్టరమ్మ గారి భుజమెక్కింది. అక్క ఒక్కతే పైకి చూడలేదు. తల వంచుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, పెదాలు కదుపుతూ ఉంది. ప్రార్థన అయి ఉంటుంది. అడిగితే, పుంజు కోసం చేశానంటుంది.